పధ్నాలుగో పాట

షియామెన్,
2001 మార్చి 11.

పెదనాన్నకి, పెద్దమ్మకి,

మీరిద్దరూ కులాసా అనుకుంటాను. పంజరంలో దొరగారి కులాసా అడగక్కర్లేదు. ఆయన తిన్నాకే కదా ఆ ఇంట్లో ఎవరైనా తినేది.

ఇక్కడ చలి పోయి వాన పట్టుకుంది. గోడలకి చెమటలు పోస్తున్నాయి, ఉతికిన కోటు ఎన్నాళ్లకీ ఆరదు. మా పళ్ల ఆసుపత్రి మేడ మీద. కింద స్పీకర్లు అమ్మే కొట్టు, ఎదురుగా పడవల రేవు. స్పీకరు ఊరుకుంటే పడవ కూస్తుంది, పడవ ఊరుకుంటే మోటారు సైకిళ్లు అందుకుంటాయి. ఇవి చాలవన్నట్టు లోపలి గదిలో నా మిషను, పన్ను తొలిచేది, జుయ్యిమంటుంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు అది వింటూ కొయ్యబారిపోతారు. మొన్న ఒక టాక్సీ డ్రైవరు, మనిషి బీరువాలా ఉన్నాడు, పేరు పిలవగానే టోపీ వదిలేసి మెట్లు దిగి పారిపోయాడు. టోపీ ఇంకా నా దగ్గరే ఉంది.

వాళ్ల సంగతి సరే, నా సంగతీ బాగాలేదు. పంటి వేరులోకి వెంట్రుకంత సూది దింపేటప్పుడు మనసంతా ఆ సూది మొన మీదే ఉండాలి. ఈ గోలలో నిలవడం లేదు. మా పెద్ద డాక్టరు ల్యూ గారు నిన్న నా చేతుల వంక చూసి, "టీ తాగడం తగ్గించమ్మా" అన్నారు. సిగ్గేసింది.

రాత్రి పడుకుంటే మీ వాకిలి గుర్తొచ్చింది. పంజరం కింద పీట వేసుకుని లెక్కలు చేసేదాన్ని చూడండి. పైన పిట్ట పాడుతుంటే ఇంక ప్రపంచంలో ఏ చప్పుడూ వినపడేది కాదు. ఒక్క లెక్క తప్పు పోయేది కాదు. పెదనాన్నా, ఆ పాట ఒక క్యాసెట్టు మీద పట్టి పంపిస్తారా? బెంచీ మీదవాళ్ల కోసం అని రాద్దామనుకున్నాను. నిజానికి నా కోసమే.

మీ సూయున్

*

బీజింగ్,
మార్చి 29.

సూయున్ పిల్లకి,

ఒక్క లెక్క తప్పు పోయేది కాదా? నీ మార్కుల కాగితం మీద మీ నాన్నకి తెలియకుండా సంతకం పెట్టినవాడిని నేను. నా దగ్గరా ఈ కోతలు?

క్యాసెట్టు అంత తేలికనుకున్నావు. టేపురికార్డరు మీట నొక్కితే 'టక్' అంటుంది. ఆ 'టక్' పంజరంలో వాడి చెవిన పడిందంటే నా బతుకు తెల్లారినట్టే. ఫోను పెట్టించుకోమని మీ నాన్న పోరుతూనే ఉన్నాడు. ఇంట్లో ఫోను మోగితే వాడు ఊరుకుంటాడా? నేర్చేసుకుంటాడు. అందుకేగా నువ్వూ నేనూ ఈ కాలంలో కూడా తపాలా బిళ్లలు అంటించుకుంటున్నది.

నువ్వు వెళ్లిపోయాక వచ్చినవాడు కనక వీడి సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఇది నువ్వు చూసిన పాత పిట్ట కాదు, మైదానాల నుంచి తెచ్చిన భరతపక్షి పిల్ల. మా టీ దుకాణంలో పిట్టలవాళ్లకి పెద్ద, ఫూ పెద్దాయన, తన ముసలి పిట్టని గురువుగా అరువిచ్చాడు. పొద్దున్నే వీడి పంజరానికి నీలం గుడ్డ ముసుగు వేసి, గురువు పంజరాన్ని పక్కన పెట్టడం. చీకట్లో చెవులు తప్ప ఇంకేం పనిచేస్తాయి? విన్నది విన్నట్టు గొంతులోకి దిగుతుంది. పిచ్చుకల గోల వచ్చింది, గుడ్డు పెట్టిన కోడి వచ్చింది, పిల్లి, గద్ద ఈల, నీళ్ల బండి ఇరుసు కిర్రు, అన్నీ వరస తప్పకుండా వచ్చాయి. మొత్తం పదమూడు పాటల్లో ఆఖరిది ఒక్కటే మిగిలింది. మధ్యలో ఒక్క పరాయి చప్పుడు కలిసినా గొంతు మైలపడినట్టే. మైలపడ్డ పిట్టని ఎవరూ వినరు.

వచ్చే చలికాలం వాడిని టీ దుకాణంలో పెద్దల ముందు పెడుతున్నాను. ముప్పై ఏళ్లుగా తలుపు పక్కన చలిగాలికి కూర్చుని, కిటికీ దగ్గర బల్ల వాళ్లకి టీ పోస్తున్నాను. శుభ్రమైన గొంతున్న పిట్ట ఉన్నవాడికే ఆ బల్ల దగ్గర కుర్చీ. ఆ కుర్చీలో కూర్చోకుండా చచ్చిపోతానేమోనని నాకు భయంగా ఉంది. ఇది మీ పెద్దమ్మకి చెప్పకు, నవ్వుతుంది.

అయినా నువ్వు అడిగాక లేదనడం నాకు చేతకాదు. ఫూ పెద్దాయన ఇంటికి వెళ్లి, టేపురికార్డరుని బొంతలో చుట్టి, ఆయన ముసలి పిట్ట పాట మొత్తం పట్టాను. బొంత కింద దూరి మీట నొక్కింది నేనే. ఆయన కోడలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

పెదనాన్న

(పెద్దమ్మ రాస్తోంది: నవ్వను. ఆ కుర్చీ సంగతి నిద్దట్లో కూడా కలవరిస్తాడు, నాకు తెలియదనుకుంటున్నాడు. నువ్వు టీ తగ్గించకు, అన్నం పెంచు.)

*

షియామెన్,
ఏప్రిల్ 26.

పెదనాన్నకి,

మీరు బొంత కింద పడ్డ అవస్థ ఊరికే పోలేదు. మొదటి రోజు ల్యూ డాక్టరుగారు "ఇది ఆసుపత్రా, జంతుశాలా?" అన్నారు. రెండో వారం వచ్చేసరికి ఆయన గది తలుపు పొద్దస్తమానం తెరిచే ఉంటోంది. అడిగితే గాలి కోసం అంటారు.

బెంచీ మీదవాళ్లని మీరు చూడాలి. భుజాలు దిగిపోతాయి, పిడికిళ్లు విడిపోతాయి. చేపలమ్మే ఒకావిడ నిద్రపోయి తన వంతు దాటించేసుకుంది. లేపితే, "ఉండవే అమ్మాయ్, ఇంకాస్త వినిపోతాను" అని కసిరింది. కోడి రాగానే పిల్లలు నోరు తెరిచి నవ్వుతారు, ఆ తెరిచిన నోట్లో నేను చూడాల్సిందంతా చూసేస్తాను. టాక్సీ డ్రైవరు టోపీ కోసం వచ్చి కాసేపు నిలబడి విని, అదే ఊపులో కుర్చీ ఎక్కేశాడు.

నా చేతులు వణకడం లేదు. పాట సన్నగా నడుస్తుంటే మోటారు సైకిళ్లు ఎక్కడికో వెళ్లిపోతాయి. సూది మొన ఒక్కటే మిగులుతుంది.

ఒక్క చిన్న మార్పు చేశాను. పిల్లి అరిచే చోట ఒక ముసలమ్మ ఉలిక్కిపడి నా వేలు కొరికింది. అందుకని పిల్లి ముక్క తీసేసి మిగతాది కొత్త క్యాసెట్టులోకి ఎక్కించుకున్నాను. ఏమీ తేడా తెలియడం లేదు.

సూయున్

*

బీజింగ్,
మే 15.

సూయున్,

తేడా తెలియడం లేదా!

కోడి తర్వాత పిల్లి, పిల్లి తర్వాత గద్ద. ఎవరో తోచక అల్లిన వరస కాదది. నా తాతల నాటి నుంచి గొంతు నుంచి గొంతుకి దిగి వచ్చింది. మధ్యలో పిల్లిని పీకేశావు. ఎవరికో ముందు పన్ను అడ్డొచ్చిందని పీకేసి, ఇప్పుడు నవ్వండి అన్నట్టుంది. పళ్ల డాక్టరువి, నీకు వేరే చెప్పాలా?

ఈ సంగతి ఫూ పెద్దాయనకి చెప్పలేదు. చెబితే నా మొహాన టీ పోస్తాడు. పిల్లి లేని పాట వినేవాళ్లకి ఇంక క్యాసెట్టు పంపను.

పెదనాన్న

(పెద్దమ్మ: కోపం పిల్లి మీద కాదు. కుడి వైపు దవడ పన్ను సలుపుతోంది. పుచ్చగింజలు కొరకడం మానేశాడు. పుచ్చగింజలు లేకుండా ఈయన టీ తాగగా నేను ఇదే చూడటం. డాక్టరు దగ్గరికి పదమంటే పిట్టని ఎవరు చూస్తారంటాడు. పిట్ట వంక, ఆ మిషనంటే భయం.)

*

షియామెన్,
జూన్ 8.

పెదనాన్నకి,

తప్పయింది. పిల్లిని తిరిగి తెచ్చి కోడి పక్కన కూర్చోబెట్టాను. ఇప్పుడు పిల్లి వచ్చే ముందు నర్సు బెంచీ దగ్గరికి వెళ్లి, "పిల్లి వస్తోందండీ, ఏం పర్వాలేదు" అని చెబుతోంది. అందరూ ఎదురుచూసి మరీ వింటున్నారు.

మీరు నమ్మరని ఒక క్యాసెట్టు పంపిస్తున్నాను. ఒక ఉదయమంతా మా ఆసుపత్రిలో పట్టింది. మీ పాట, మావాళ్ల నవ్వులు, నా మాటలు అన్నీ ఉన్నాయి. నా మిషను చప్పుడు కూడా ఉంది కనక దొరగారి చెవిన పడనివ్వకండి. మీకు నేను చెప్పాలా!

కుడి వైపు నమలడం లేదట. పెదనాన్నా, ఇక్కడికి రండి. నొప్పి తెలియకుండా చూసే పూచీ నాది. అరటిపండు ఒలిచినంత సులువుగా చూసేస్తాను అని మాత్రం అబద్ధం చెప్పను, ముందు పన్ను చూడాలి. రేవు దగ్గర వేరుశెనగ పాయసం అమ్ముతారు. పన్ను బాగుచేశాక మెత్తగా అదే పెడతాను.

సూయున్

*

షియామెన్,
సెప్టెంబరు 20.

పెదనాన్నకి,

ఎండాకాలమంతా పోయింది, మీ దగ్గర్నుంచి జాబు లేదు. పిల్లి విషయంలో ఇంకా కోపమేనా? పన్ను గురించి పెద్దమ్మ నాకు రాసిందని కోపమా? లేక క్యాసెట్టులో నా మాటలు విని, పెద్ద డాక్టరులా మాట్లాడుతోందే అనిపించిందా? ఏదైనా సరే తిట్టి రాయండి. మీరు తిట్టకపోతే నాకు పని మీద మనసు నిలవడం లేదు.

సూయున్

*

బీజింగ్,
నవంబరు 2.

సూయున్ పిల్లకి,

కోపం ఎవరికి? ఎండాకాలం వాడు ఈకలు రాల్చాడు. ఈకలు రాల్చేటప్పుడు పాట ఉండదు, తిండి ఉండదు, బాలింతని చూసినట్టు చూసుకోవాలి. జాబు రాసే తీరిక నాకెక్కడిది?

నీ క్యాసెట్టు అందిన రోజునే బీరువాలో పెట్టేశాను. వినలేదు. వినాలని లేక కాదు. నీ గొంతు విని ఎన్నేళ్లయింది, వీధి చివర కొట్లో ఫోనులో "ఆఁ? ఏంటీ?" అని అరుచుకోవడం తప్ప. ముందు టీ దుకాణం గండం గట్టెక్కనీ, అప్పుడు తీరిగ్గా వింటాను.

కొత్త ఈకలతో వాడు తిరిగి గొంతు విప్పాడు. ఆఖరి పాట కూడా వచ్చేసింది! కానీ పోయిన వారం ఒక వింత జరిగింది. పిల్లి అయిపోయి గద్ద రావాల్సిన చోట సన్నగా జుయ్... మంటూ ఏదో తీశాడు. ఆలోచిస్తే అర్థమైంది. మన సందులోకి కత్తులు సానబట్టడానికి వస్తాడు చూడు, జియా, వాడి రాయి చప్పుడు! నేను వెళ్లి వాడి మీద విరుచుకుపడ్డాను. వాడు, "అయ్యా, నా రాయి గరగరమంటుంది గానీ జుయ్యిమనదు" అని ఏదో నసిగాడు. మన సందు తొక్కొద్దని పంపించేశాను. అప్పట్నుంచి పిట్ట మళ్లీ ఆ కూత కూయలేదు. చూశావా, నా మాట నిజం.

ఈ ఆదివారం కాక పై ఆదివారం టీ దుకాణానికి ముహూర్తం. మీ పెద్దమ్మ నాకు కొత్త కోటు కుట్టింది. పన్ను గురించి మరిచిపో, అది వానాకాలం నొప్పి. మీ పెద్దమ్మ కొసరు రాతలు ఈసారి లేవు, కవరు నేనే అంటిస్తున్నాను.

పెదనాన్న

(కవరు వెనక, పెన్సిలుతో: అంటిస్తే మాత్రం? పోస్టులో వేసేది నేను. సూయూ, నీ క్యాసెట్టు ఎంత బాగుందో. మీ పెదనాన్న స్నానాల ఇంటికి వెళ్లినప్పుడల్లా పెట్టుకుని వింటున్నాను. "కొంచెం నోరు తెరవండి, అంతే, అయిపోయింది" అంటుంటే ఎదురుగా ఉన్నట్టే ఉంది. నువ్వు రాసిన జాగ్రత్త మరిచిపోలేదు. క్యాసెట్టు పెట్టే ముందు పిట్టకి నీలం గుడ్డ ముసుగు నిండుగా కప్పుతున్నాను, ఏమీ వినపడదు.)

*

షియామెన్,
నవంబరు 11, ఆదివారం.

పెదనాన్నకి,

మీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. కవరు వెనక చదివి, మెట్లు దిగి పరిగెత్తుకెళ్లి మీ వీధి చివర కొట్టుకి ఫోను చేశాను. కొట్టాయన, "తోంగ్ గారా? కొత్త కోటు వేసుకుని, పంజరం పట్టుకుని, పెళ్లికొడుకులా ఇప్పుడే వెళ్లారమ్మా" అన్నాడు.

పెదనాన్నా, అది సానరాయి కాదు. నా మిషను.

పెద్దమ్మని ఏమీ అనకండి. చెవులు మూసినట్టే అనుకుంది పాపం. ముసుగు వేస్తే పాఠం మొదలైందని వాడు అనుకుంటాడని ఆవిడకేం తెలుసు? నన్ను అనండి. నా గొప్ప చూపించుకోవాలని పంపించాను.

వాడు ఇవాళ ఆ కూత కూయకూడదని మొక్కుకుంటూ బెంచీ మీదవాళ్లందరితో కలిసి కూర్చున్నాను. పాట పెట్టారు. నాకు వినపడలేదు.

సూయున్

*

బీజింగ్,
2002 జనవరి 6.

సూయున్ పిల్లకి,

ఇన్నాళ్లూ రాయనిది నీ మీద కోపంతో కాదు. ఏం రాయాలో తెలియక.

ఆ రోజు టీ దుకాణం నిండిపోయింది. ఫూ పెద్దాయన కిటికీ బల్ల దగ్గర, పక్కన ఖాళీ కుర్చీ. ఆ కుర్చీ మీద ఎవరో దిండు కూడా వేసి ఉంచారు. నేను ముసుగు తీశాను. వాడు పంజరం మధ్యలో ఉన్న గుండ్రటి పీట ఎక్కి, రెక్కలు దులిపి, పిచ్చుకల గోలతో మొదలుపెట్టాడు. పిల్లా, నేను కన్న బిడ్డలెవరూ లేరు, ఉంటే వాళ్ల గొప్ప చూసి ఇంత పొంగేవాడినా అనిపించింది. కోడి అద్భుతం. పిల్లి అరుపుకి దుకాణంలో పిల్లి లేచి చూసింది. తర్వాత గద్ద రావాలి.

జుయ్యి... మన్నాడు. ఒకసారి కాదు. కాసేపు ఆపి, లోతుగా, ఇంకా సన్నగా, మళ్లీ. నువ్వు పన్ను మార్చి పన్ను తొలిచినట్టు.

దుకాణంలో ఉన్న ముసలివాళ్లందరూ ఒక్కసారిగా బుగ్గ మీద చెయ్యి వేసుకున్నారు. నవ్వు వస్తోంది కదూ? నాకిప్పుడు వస్తోంది. అప్పుడు రాలేదు. నా పన్ను కూడా సలిపింది. ఫూ పెద్దాయన తన కప్పు మీద మూత పెట్టాడు. ఆ మూత పెట్టాడంటే వినడం అయిపోయిందని. నేను పంజరానికి ముసుగు వేసి, అందరికీ దణ్ణం పెట్టి, బయటికి వచ్చేశాను. ఎవరూ నా మొహం చూడలేదు. వాళ్ల మర్యాద వాళ్లది.

సాయంత్రం ఆయన కబురు పంపాడు. "ఆ పిట్టని ఊరవతలికి పంపించెయ్. లేకపోతే సందులో పిల్ల పిట్టలన్నీ నేర్చుకుంటాయి. వసంతంలో ఇంకో పిల్లని తెచ్చుకో, నా ముసలిదాన్ని మళ్లీ అరువిస్తాను. కుర్చీ ఎక్కడికీ పోదు." పెద్దమనసుతో చెప్పిన మాట, నేను కాదనలేను. పుచ్చకాయల తోటలున్న వైపు నాకు తెలిసినవాడున్నాడు. తెల్లవారి వాడి దగ్గర వదిలేద్దామని కోటు వేసుకున్నాను.

అప్పుడు కొట్టాయన నీ ఫోను సంగతి, నువ్వు క్యాసెట్టు గురించి కంగారుపడ్డ సంగతి చెప్పాడు. అప్పటికి నీ ఉత్తరం ఇంకా రాలేదు. ఇంట్లోకి వెళ్లి మీ పెద్దమ్మని అడిగాను. ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకుంటూ మొత్తం చెప్పింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. "ముప్పై ఏళ్లుగా చూస్తున్నావు, ముసుగు వేస్తే పాఠమని తెలియదా?" అన్నాను. ఆవిడ, "ముప్పై ఏళ్లుగా నీ పిట్టని వింటూనే ఉన్నాను. ఒక్క గంట మన పిల్లని విందామనుకున్నాను, తప్పా?" అంది.

బీరువాలోంచి క్యాసెట్టు తెచ్చి, ఇద్దరం కూర్చుని విన్నాం. చేపలావిడ గురక విన్నాను. పిల్లి వస్తోందని చెప్పే నర్సుని విన్నాను. "భయం లేదు బాబాయ్, అంతే, అయిపోయింది" అని నువ్వు ఎవరితోనో అంటున్నావు. చిన్నప్పుడు లెక్క తప్పితే ఏడ్చేదానివి, ఎంత నెమ్మదిగా మాట్లాడుతున్నావే! తర్వాత నీ మిషను. వెంటనే ముసుగు కింద నుంచి వీడు, అదే పట్టు, అదే ఊపిరి.

నీ గొంతు వాడికి పట్టుబడలేదు. నీ చేతి పని పట్టుబడింది. దాన్ని తీసుకెళ్లి పుచ్చకాయల తోటలో వదిలేసి రావాలా? కోటు విప్పేశాను.

కుర్చీ పోయింది. పోయినందుకు బాధ ఉంది, లేదని బుకాయించను. తలుపు పక్క కుర్చీ కూడా పోయింది. కానీ ఒక సుఖం చెప్పనా? ఇప్పుడు వాడి చెవులకి కాపలా అక్కర్లేదు. మీ పెద్దమ్మ రేడియో పెట్టుకుంటోంది. మూకుడులో గరిట టంగుమన్నా నా గుండె టంగుమనడం లేదు. పండిన టమాటాల్లా ఉండే మెత్తటి సీమతూమిక పళ్లు ఒక బుట్ట పట్టుకుని జియా ఇంటికి వెళ్లి, "నీ రాయి జుయ్యిమనదు, గరగరమంటుంది, ఒప్పుకున్నాను" అని చెప్పి వచ్చాను. వాడు మళ్లీ మన సందులోకి వస్తున్నాడు.

పెదనాన్న

(పెద్దమ్మ: తన ముందే రాయమన్నాడు. కుడి దవడ వాచింది.)

*

షియామెన్,
జనవరి 24.

పెదనాన్నకి,

మీ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చదివాను. ముసలివాళ్లందరూ బుగ్గలు పట్టుకున్న చోట నవ్వాను, కోటు విప్పిన చోట ఏడ్చాను. పైకి వెళ్తే ల్యూ డాక్టరుగారు నా కళ్లు చూసి, "ఇవాళ కష్టమైన పళ్లు నేను చూస్తాలే" అన్నారు.

పోయిన కుర్చీ నేను తేలేను. నా దగ్గరా ఒక కుర్చీ ఉంది. వెనక్కి వాలుతుంది, పైన దీపం కూడా ఉంటుంది. దాని కోసం శుభ్రమైన గొంతు అక్కర్లేదు, వాచిన దవడ చాలు. మార్చికి ఇద్దరికీ రైలు టిక్కెట్లు కొని పంపిస్తున్నాను. దొరగారిని జియా చూసుకుంటాడేమో అడగండి. చెవులకి కాపలా అక్కర్లేదు కదా, ఇంక మీకు వంక లేదు.

సూయున్

*

బీజింగ్,
ఏప్రిల్ 7.

సూయున్ పిల్లకి,

క్షేమంగా చేరాం. రైల్లో మీ పెద్దమ్మ నువ్వు కట్టిచ్చినవన్నీ తినేసి, వేరుశెనగ పాయసం మాత్రం నాకు వదిలింది. నేను రెండు వైపులా నమిలాను. పాయసంలో నమలడానికేముందని అడిగింది. ఏమీ లేదు, అయినా నమిలాను.

నీకు అక్కడ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నీ కుర్చీలో వాలినప్పుడు నాకు పారిపోవాలనిపించింది. నువ్వు ఫూ పెద్దాయన పిట్ట పాట పెట్టావు. బాగానే ఉంది, కానీ భయం పోలేదు. తర్వాత నువ్వు మిషను చేతిలోకి తీసుకున్నావు. అది జుయ్యిమంది. కళ్లు మూసుకున్నాను. వాకిట్లో ఎండ పొడ, మీ పెద్దమ్మ గిన్నెలు, వాడు పీట ఎక్కి రెక్కలు దులపడం, అన్నీ కనిపించాయి. మావాడు పాడుతున్నాడనుకున్నాను. నిద్ర పట్టేసింది. నేను భయంతో స్పృహ తప్పాననుకుని నువ్వు నా బుగ్గలు తట్టావు చూడు, అప్పుడు లేచాను. మీ ఊళ్లో అందరూ నీ మిషను వినపడకుండా ఉండాలని పిట్ట పాట వింటున్నారు. నాకు నీ మిషనే పిట్ట పాట.

మేం లేనప్పుడు జియా వాడిని ప్రాణంలా చూసుకున్నాడు. ఇప్పుడు వాడికి గరగర కూడా వచ్చింది.

ఇక అసలు వార్త. మొన్న పొద్దున మన గోడ పక్కన ఎవరో చేతికర్ర ఆనించుకుని నిలబడి ఉన్నారు. చూస్తే ఫూ పెద్దాయన! లోపలికి రమ్మన్నా రాడు. మైలపడ్డ పిట్ట ఉన్న వాకిట్లో అడుగు పెట్టకూడదుగా, కట్టుబాటు కట్టుబాటే. వీధిలోకి స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. వాడు పాట అందుకున్నాడు. పిల్లి అయింది, నీ మిషను వచ్చింది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. అయిపోయాక, "నీళ్ల బండి ఇరుసులా కిర్రుమన్న మొదటి పిట్ట ఎవడిదో గానీ, ఆ రోజు వాడినీ దుకాణంలోంచి పంపించేసి ఉంటారు" అన్నాడు. కాసేపటికి ఎడమ బుగ్గ రుద్దుకుంటూ, "ఆ పిల్ల ఉండేది చాలా దూరమా?" అన్నాడు. రోజూ వస్తున్నాడు. ధైర్యం కూడగట్టుకుంటున్నట్టున్నాడు. నీ ఊరు పేరు రాసిచ్చాను.

కిటికీ పక్క కుర్చీ నాకు రాదు. కానీ ఆ కుర్చీ పక్కన కూర్చునే మనిషి నా గోడ పక్కన కూర్చుంటున్నాడు. నేను టీ పోస్తున్నాను. ఈసారి నా ఇంటి టీ.

ఆఖరి మాట. వాడి చెవులకి ఇంక కాపలా లేదు కనక ఫోను పెట్టించాం. నంబరు కింద మీ పెద్దమ్మ రాస్తుంది. కానీ పిల్లా, నువ్వు ఉత్తరాలు మానకు. వారం తిరక్కుండానే ఆ వెధవ ఫోను గంట కూడా నేర్చేసుకున్నాడు. పొద్దస్తమానం మోగుతూనే ఉంటాడు. మోగింది ఫోను కాదు, వాడే, కూర్చోమని మీ పెద్దమ్మ అంటుంది. కూర్చోలేను. ప్రతిసారీ నువ్వేననుకుని పరిగెడుతున్నాను.

పెదనాన్న